పెచ్చుల ఫరీదా మేడం

మా ఫరీదా మేడం ఎవరింటికి వెళ్లినా ముందు అడిగేది మనుషుల క్షేమం కాదు, గిన్నెల క్షేమం. "మీ ఇంట్ల నీళ్లు కాగబెట్టే గిన్నె ఏది?" అంటుంది. చూపించేదాకా కూర్చోదు. చూపించాక అసలే కూర్చోదు. గిన్నె అంచుల వెంట పేరుకున్న తెల్లటి పెచ్చును వేలితో తడిమి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, బ్యాగులోంచి పొడుగు కాడ చెంచా తీసి గీకడం మొదలుపెడుతుంది. రాలిన పెచ్చును చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, సంచి మూతి బిగించి, అప్పుడు మన వైపు తిరుగుతుంది.

"ఆ, ఇగ చెప్పుండ్రి. అందరు మంచిగున్నరా?"

వనపర్తి బోరు నీళ్లకు సున్నం ఎక్కువ. పొద్దున కాగబెడితే సాయంత్రానికి గిన్నెకు తెల్ల బనీను తొడిగినట్టుంటుంది. కాబట్టి మేడానికి పనికి ఎన్నడూ కొదవ లేదు. ఆమె మా కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, నేను తెలుగు. స్టాఫ్‌రూములో మావి పక్కపక్క కుర్చీలు. ఈ పక్కన ఛందస్సు, ఆ పక్కన సున్నం. మా ఇద్దరికీ ఎట్లా కుదిరిందని పిల్లలు ఆశ్చర్యపోతుంటారు.

ఒకసారి గద్వాలలో మా సహోద్యోగి కూతురి పెళ్లి. మేడం ఆ ఊరి జరీ చీరే కట్టుకుని దర్జాగా వచ్చింది. అక్షింతలు వేసేదాకా నా పక్కనే ఉంది. ఆ తర్వాత మాయం. పందిరంతా వెతికి వెనక్కి పోయి చూస్తే, పెద్ద రాగి బాయిలర్ ముందు కొంగు నడుముకు దోపుకుని గొంతుక్కూర్చుంది. వంటమేస్త్రి నన్ను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఆ మేడం ఏ ఆఫీసు నుంచి వచ్చిన్రు?"

"ఏ ఆఫీసూ కాదు, కాలేజి."

"కాలేజని చెప్పుమన్నరా?" అని ఆయన గొంతు ఇంకా తగ్గించాడు. "మా పోరగాండ్లు పొద్దటి నుంచి తిన్నరా లేదా అని గూడ అడుగుతుంది. లేబర్ ఆఫీసా ఏంది?"

ఆయనకు నమ్మకం కుదరలేదు. లోపలికి పోయి పాయసంలో ఇంకో డబ్బా నెయ్యి పోయించాడట. పనివాళ్లను కూడా ముందు బంతిలోనే కూర్చోబెట్టాడు. ఆనాటి భోజనాలను గద్వాలలో ఇప్పటికీ తలుచుకుంటారు.

ఆమె భర్త యాసిన్ భాయ్‌కి బజారులో గాజుల దుకాణం. నెమ్మదైన మనిషి. గాజులు తొడిగేవాళ్లకు ఓపిక ఎక్కువంటారు గానీ, ఈయన ఓపిక గాజుల వల్ల వచ్చింది కాదు.

"పెండ్లయి వచ్చిన పొద్దే మా అమ్మకు సలాం చెప్పకముందు కాగు చూసిందమ్మా," అన్నాడొకసారి. "మా అమ్మ మస్తు ఖుషీ అయింది, కోడలు ఇల్లంత సాఫ్ చేస్తదని. ఏడ సాఫ్? గీకినదంత సంచిల ఏసుకొని దాచిపెట్టింది. ఇప్పుడు మా ఫ్రిజ్‌ల మాంసం కంటె సున్నమే ఎక్కువున్నది."

"మీరేం అనరా భాయ్?"

"ఏమంటం? అంటె నా టీ గిన్నె చూస్తనంటది."

మేడానికి ఇంకో నియమం ఉంది. ఎవరి పెచ్చునూ ఊరికే తీసుకోదు. గీకిన మర్నాడు ఆ ఇంటికి డబ్బా వస్తుంది. ఖిచిడీ, దానిమీదికి చింతపండు ఖట్టా. లేదంటే కోడిగుడ్ల పులుసు. కొన్ని ఇళ్లకు ఒక్కసారి వచ్చి ఆగుతుంది, కొన్ని ఇళ్లకు వారాల తరబడి వస్తూనే ఉంటుంది. ఇదెందుకు మేడం అంటే, "శాంపిల్ తీస్కుంటె బదులియ్యాలె. సైన్సుల రూలు," అంటుంది. నేను తెలుగు చదువుకున్నదాన్ని. సైన్సులో ఏం రూళ్లుంటాయో నాకేం తెలుసు?

అయితే పెచ్చుల మీద ఆమెకు నిజమైన పరిశోధన ఒకటి ఉందన్నది అబద్ధం కాదు. అది సుద్దగుట్ట బుగ్గ గురించి. ఖిల్లా ఘణపూర్ దాటాక ఒక చిన్న ఊరు, ఊరి మీద గుట్ట, గుట్ట కింద రాతి నెర్రెలోంచి ఏడాది పొడుగునా ఊరే నీళ్లు. నిరుడు వానలు వెనకబట్టాక ఒక ఆదివారం నన్ను కూడా రమ్మంది. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది దగ్గరపడుతోంది. ఇంట్లో ఒక్కదాన్నే. మిగతా రోజులు కాలేజీ మింగేసేది గానీ ఆదివారం మాత్రం ఎంతకీ తెమిలేది కాదు. సరేనన్నాను.

బస్సులో ఆమె పరిశోధన ఏమిటో అడిగాను. అడగకుండా ఉండాల్సింది, ఎందుకంటే మేడం గొంతు క్లాసురూము గొంతు.

"కార్బన్ల రెండు రకాలున్నయి జయశ్రీ. పన్నెండు, పదమూడు. పన్నెండు తేలిక, పదమూడు జర బరువు. గుణం ఒకటే, బరువే తేడ. భూమిల నీళ్లు గ్యాస్‌ను మింగి ఉంటయి, సోడా లెక్క. బుగ్గ నోట్ల నుంచి బయటికొచ్చినంక ఆ గ్యాస్ ఎగిరిపోతది. ఎగిరేటప్పుడు ఎవరు ముందు పోతరు?"

"ఎవరు?"

"బస్సు ఆగినప్పుడు చూడు. చేతులూపుకుంట వచ్చినోళ్లు టక్కున దిగుతరు. బరువున్నోళ్లు ఎనక మిగుల్తరు."

ముందు సీట్లో పల్లికాయ మూటతో కూర్చున్న ఒక నిండైన ఆమె వెనక్కి తిరిగింది. "ఎవలనమ్మా బరువంటున్నవ్?"

"మిమ్ముల కాదమ్మా. కార్బన్‌ను."

"ఆమె ఎవలు?"

"మీకు తెల్వదు. పట్నం మనిషి," అన్నాను నేను, గొడవ పెరగకుండా.

మేడం గొంతు తగ్గించింది, కొద్దిగానే. గ్యాస్ పోయేకొద్దీ నీళ్లలో కరిగిన సున్నం నిలవలేక రాయిగా పేరుకుంటుందట. తేలిక కార్బన్ ఎక్కువగా గ్యాసుతో వెళ్లిపోతుంది కనుక నీళ్లలో బరువుదాని వాటా పెరుగుతూ పోతుంది. బుగ్గ నోటి దగ్గర పేరుకున్న రాయి కంటే కిందికి పోయేకొద్దీ రాయిలో బరువు కార్బన్ ఎక్కువ. ఆ తేడాను మెట్టుమెట్టుకూ కొలిస్తే, నీళ్లు బయటికొచ్చాక దారిలో ఏం పోగొట్టుకున్నాయో తెలుస్తుంది. వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే భూమిలో ఉండగా అవి ఎట్లాంటివో, ఏ మట్టిలోంచి వచ్చాయో కూడా అందుతుంది.

"అంటే పోయినదాన్ని మిగిలినదాంట్లో చదవడం," అన్నాను.

మేడం నన్ను ఒక క్షణం చూసింది. "నువ్వు తెలుగు చెప్పకుండ సైన్సు చెప్పాల్సింది," అంది.

సుద్దగుట్ట బుగ్గ నిజంగా చూడాల్సిన చోటు. పైన గుట్టంతా సీతాఫలం పొదలు. కింద తెల్లటి మెట్లు, ఎవరో కట్టినట్టు, ఒకదాని కింద ఒకటి. నీళ్లలో రాలిన సీతాఫలం ఆకుల మీద ఈనెలు కూడా కనబడేటట్టు రాయి పట్టి ఉంది. మేడం చెప్పులు విప్పి, చీర కొంచెం ఎత్తి దోపుకుని నీళ్లలోకి దిగింది. వేడి కొలిచింది, సీసాల్లో నీళ్లు నింపింది, మెట్టుమెట్టుకూ చిటికెడు రాయి గీకింది. ఆ పని జరిగినంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె అంతసేపు ఊరుకోగలదని నాకు ఆ రోజే తెలిసింది.

బుగ్గ పక్కన రోడ్డు మీద బుజ్జమ్మ అనే పెద్దామెది చిన్న చాయ్ హోటలు. తడికల గోడలు, రేకు కప్పు, బయట రెండు బల్లలు. ఆ నీళ్లతోనే చాయ్ పెడుతుంది. మేం పోయేసరికి బల్లలు ఖాళీగా ఉన్నాయి. మమ్మల్ని చూసి ఆమె లేచింది. చదువు చెప్పే ఆడవాళ్లంతా ఆమెకు సారమ్మలే.

"కూసోండ్రి సారమ్మ. పొయ్యి ముట్టిస్త."

మేడం కూర్చోలేదు. అలవాటు ప్రకారం చాయ్ గిన్నె చేతిలోకి తీసుకుని లోపల వేలు పెట్టింది. పెచ్చు పొడిపొడిగా రాలింది. నేను చెంచా కోసం చూశాను. ఆమె చెంచా తీయలేదు. గిన్నెను మెల్లగా కింద పెట్టింది. గీకకుండా గిన్నెను కింద పెట్టడం నేను చూడటం అదే మొదలు.

"అవ్వా, ఈ పొయ్యి ముట్టిచ్చి శాన దినాలైందా?"

"గిరాకి లేదు సారమ్మ. ఎవలికోసం ముట్టియ్యాలె?"

"నీకోసం?"

బుజ్జమ్మ శుభ్రంగానే ఉన్న బల్లను మళ్లీ తుడిచింది. "నాదేముంది. ఇన్ని అటుకులు నానేసుకుంటె ఎల్లిపోతది," అంది.

సంగతేమిటంటే, ఊళ్లో పలుకుబడి ఉన్న దేవరాజు అనే రైతుకు కిడ్నీలో రాయి వచ్చింది. పట్నం దవాఖానలో తీశారు. తిరిగొచ్చి ఆయన రచ్చ మీద చెప్పాడు. ఆ బుగ్గలో ఆకు పడితే ఆకు రాయవుతుంది, మనిషి తాగితే మనిషి లోపల రాయవదా, అని. మాట సబబుగానే వినిపించింది. ఒకరొకరే మానేశారు. అప్పటిదాకా పొలాలకు పోయేవాళ్లు, ఉపాధి పనుల వాళ్లు, బడి సార్లు అందరూ ఆగే చోటు అది. ఇప్పుడు ఆమె హోటలు ముందర నడవడానికి కూడా కొందరు జంకుతున్నారు. దారిలో ఎదురైతే మొహం తిప్పుకుంటున్నారు.

"గిరాకి పోతె పోయె," అంది బుజ్జమ్మ. "ఊరికి ఇసం పోసిన అన్నట్టు చూస్తున్నరు సారమ్మ. గదే మింగుడు పడ్తలేదు."

మేడం తన డబ్బా విప్పింది. "నీ బుగ్గ కాడ రాళ్లు గీకిన. బదులియ్యాలె, రూలు. రా అవ్వ, తిను." ముగ్గురం జొన్నరొట్టె, గుడ్డు కూర తిన్నాం. తిన్నాక చేతులు కడుక్కుని మేడం అంది, "ఆ దేవరాజు ఇల్లు ఏడ?"

దేవరాజు మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. బుగ్గ గురించి వచ్చామని తెలిసి తన ఆపరేషను కథ మొదటి నుంచి చెప్పాడు. నొప్పి ఎట్లా వచ్చింది, ఎట్లా మెలికలు తిరిగాడు, డాక్టర్లు ఎట్లా ముక్కున వేలేసుకున్నారు. అంతా విని మేడం అడిగింది.

"ఆ రాయి ఉన్నదా?"

"ఉన్నది." ఆయన లోపలికి పోయి బీరువా తెరిచాడు. పట్టుచీరల మడతల్లోంచి ఒక చిన్న సీసా తెచ్చి రెండు చేతులతో చూపించాడు. "డాక్టర్ సారే అన్నడు మేడం, గింత పెద్దది ఆయన సర్వీసుల చూడలేదంట."

"జర ఇయ్యుండ్రి."

"ఎందుకు?"

"గీకుత."

దేవరాజు సీసాను ఛాతీకి అదుముకున్నాడు. పసిబిడ్డను అడిగినా అంతగా అదుముకునేవాడు కాదేమో. "ఇది నాది మేడం," అన్నాడు.

"నాకొద్దు. ఒక్క బొట్టు మందు ఏసి చూస్త. మీరు చేతుల పట్టుకొనే ఉండుండ్రి. ఈడ కాదు, బుగ్గ కాడ. పదిమంది చూడాలె గద, ఎంత పెద్ద రాయో."

ఆ చివరి మాట పని చేసింది. రాయిని పదిమందికి చూపించే అవకాశం దేవరాజు వదులుకునే మనిషి కాదు. ఆయన ముందు, మేం వెనక. దారిలో కనబడిన వాళ్లందరినీ ఆయనే పిలుచుకుంటూ వచ్చాడు. బుజ్జమ్మ హోటలు ముందు చాలా రోజుల తర్వాత జనం చేరారు. ఆమె తడిక పక్కన నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం ఒక స్టీలు పళ్లెం తెప్పించి బల్ల మీద పెట్టింది. ఒక పక్క బుగ్గ మెట్టు నుంచి తెచ్చిన తెల్ల రాయి ముక్క. ఇంకో పక్క దేవరాజు రాయి. ఆయన పళ్లెం అంచు పట్టుకునే ఉన్నాడు. మేడం సంచిలోంచి పలుచటి యాసిడు సీసా తీసింది. బుగ్గ రాయి మీద ఒక బొట్టు వేసింది. సుయ్యిమని తెల్లటి నురగ లేచింది. జనం ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత దేవరాజు రాయి మీద ఒక బొట్టు. అది ఉలకలేదు, పలకలేదు. బొట్టు అట్లాగే కూర్చుంది.

"నా రాయి గట్టిది," అన్నాడు దేవరాజు చుట్టూ చూస్తూ.

"గట్టిది కాదు, ఏరే రకంది," అంది మేడం. "బుగ్గ రాయిల సున్నం గ్యాస్‌తోని కలిసి ఉన్నది. యాసిడ్ తగిలితె ఆ గ్యాస్ ఇడుస్తది, పొంగుతది. మీది పొంగలేదు. బుగ్గల రాయి మీ కడుపుల చేరలేదు. మీ రాయి మీ ఒంట్లనే తయారైంది."

"అంటె నీళ్లు మంచియేనా మేడం?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

అందరి కళ్లూ ఆమె మీద. ఒక్క అవునంటే చాలు, బుజ్జమ్మ పొయ్యి వెలుగుతుంది. మేడం కళ్లద్దాలు తుడుచుకుంది. "గీ ఒక్క బొట్టుతోని అది చెప్పరాదు," అంది.

నేను వెనక నుంచి ఆమెను గిల్లాను. ఆమె చేయి విదిలించుకుంది. "గిల్లకు జయశ్రీ. తెల్వనిది తెలుసని చెప్తె ఎట్ల?" అని నా పేరు పెట్టి మరీ అందరి ముందు అని, మళ్లీ జనం వైపు తిరిగింది. "కాని పోయిన యాడాది ఈ నీళ్లు పరీక్ష చేపిచ్చిన. తాగొచ్చన్నరు. సున్నం జర ఎక్కువ, కాచి తేర్చి తాగితె ఇంక మంచిది అన్నరు. చాయ్ అంటె కాచిన నీళ్లే గద." అప్పుడు దేవరాజును అడిగింది. "డాక్టర్ మీకేం చెప్పి పంపిండు?"

"నీళ్లు మస్తుగ తాగుమన్నడు."

"తాగుతున్నరా?"

దేవరాజు నోరు తెరిచేలోపే జనంలోంచి ఆయన భార్య జవాబిచ్చింది. "ఏడ తాగుతుండు? మళ్ల రాయైతదని చెంబు ముట్టుకుంటలేడు. చెప్పి చెప్పి నా నోరెండింది."

నవ్వులు మొదలయ్యాయి. ముందు ఆడవాళ్లు, తర్వాత అందరూ. దేవరాజు కాసేపు బిగదీసుకున్నాడు. రాయిని తుడిచి సీసాలో వేసి మూత పెట్టాడు. తర్వాత బల్ల మీద కూర్చున్నాడు.

"బుజ్జమ్మా, ఒక చాయ్ పెట్టు," అన్నాడు. "చక్కెర జర తక్కువ."

బుజ్జమ్మ లోపలికి పోయి, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, చాలాసేపు వెతుక్కుంది.

ఆ తర్వాత మేడం ప్రతి ఆదివారం సుద్దగుట్టకు పోతూనే ఉంది, నేనూ వెంట పోతున్నాను. చలికాలంలో పట్నం ల్యాబు నుంచి ఫలితాలు వచ్చాయి. అనుకున్నట్టే నోటి దగ్గరి రాయి తేలిక, కిందికి పోయేకొద్దీ బరువు. వెనక్కి లెక్క కడితే, నీళ్లు గుట్ట మీది చెట్ల వేర్లున్న మట్టిలోంచి దిగుతున్నట్టు తేలింది. గుట్ట మీద సీతాఫలాలు నరకొద్దని మేడం ఊళ్లో చెప్పింది. ఇప్పుడు ఆ కాపలా దేవరాజుది. గొడ్డలితో గుట్ట ఎక్కినవాణ్ని ఆపి, కార్బన్ పన్నెండు గురించి చెప్పి, అతను విసిగి దిగిపోయేదాకా వదలడట.

ఆ ఫలితాలు చూపించిన ఆదివారం మేం బుగ్గ మెట్ల మీద కూర్చున్నాం. "ఎంత సాఫ్‌గ వచ్చిందో చూడు," అంది మేడం. "నీళ్లు తమంతట తాము నిమ్మళంగ పారితెనే గిట్ల చదవొస్తది. కాగుల మరగబెడితె గ్యాస్ అంత ఒక్కసారే గడబిడగ పోతది. ఎవరు ముందు పోయిన్రు, ఎవరు ఎనక పోయిన్రు, నా లెక్కకు ఏం అందదు."

నేను ఆమె వైపు తిరిగాను. "మరి వనపర్తిల ఇన్నేండ్ల నుంచి గీకిన పెచ్చులు?"

"ఏం పనికొస్తయి? ఫ్రిజ్ నిండినంక యాసిన్ చూడకుండ గులాబి కుండీలల్ల పోస్త."

ఆమె నీళ్లలో కాళ్లు ఊపుతూ కూర్చుంది. నేను ఆలోచనలో పడ్డాను. డబ్బా వారాల తరబడి పోయిన ఇళ్లు ఒక్కొక్కటే కళ్ల ముందుకు వచ్చాయి. భార్య పోయిన లైబ్రరీ శంకరయ్య ఇల్లు. కొడుకుతో మాటల్లేని జైనబ్ ఖాలా ఇల్లు. తిన్నావా అని అడిగితే తిన్నాననే మనుషులు వాళ్లంతా. పొయ్యి వెలగని ఇంట్లో పెచ్చు ఎండి పొడిగా రాలుతుంది, గిన్నెకు అబద్ధం చెప్పడం రాదు. ఊరికే అన్నం పంపితే తిప్పి పంపేవాళ్లే. సున్నానికి బదులంటే ఎవరు వద్దంటారు?

అమ్మ పోయిన ఏడాదంతా ప్రతి వారం మా ఇంటికి కూడా డబ్బా వచ్చింది.

"మేడం, మా ఇంట్ల గిన్నెల ఏం చూసిన్రు?"

ఆమె రాయి పట్టిన ఒక ఆకును నీళ్లలోంచి తీసి ఆరబెట్టింది.

"ఎండిపోయి ఉండె," అంది. "ఇప్పుడు మంచిగున్నది."

నేను ఇంకేదో అనబోయాను. "లే, బస్సు పోతది," అంటూ ఆమే ముందు లేచింది.

బస్సు దొరికింది గానీ సగం దారిలో ఆగిపోయింది. ముందు నుంచి ఆవిరి పొగలు. రేడియేటరు వేడెక్కిందన్నారు. డ్రైవరు జోసెఫ్ దిగి, చల్లారేదాకా ఆగి మూత తీసి, నీళ్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. జనం దిగి కాళ్లు సాగదీస్తున్నారు. తిరిగి చూస్తే నా పక్క సీటు ఖాళీ. కిటికీలోంచి చూశాను. మేడం అప్పటికే రేడియేటరు పక్కన ఉంది, కళ్లద్దాలు నుదుటి మీద, చెంచా చేతిలో. జోసెఫ్ ఆమెను అడ్డుకోవాలో వద్దో తేల్చుకోలేక చూస్తున్నాడు.

"రేడియేటర్ల బోరు నీళ్లు పోస్తున్నవు గద?" అని అడగడం వినబడింది. అతను తలూపాడు. ఆమె మూత అంచున రెండుసార్లు గీకి, సంచి బిగించి, అతని మొహం పరీక్షగా చూసింది.

"డ్యూటీ పొద్దుగాల ఎక్కినవా?"

"అవును మేడం."

"నడుమ ఏమన్న తిన్నవా?"

జోసెఫ్ ఏం చెప్పాడో నాకు వినబడలేదు. కాసేపటికి అతను బస్సు మెట్టు మీద కూర్చుని మా డబ్బాలో మిగిలిన రొట్టెలు తింటున్నాడు. మేడం పక్కన నిలబడి ఇంకొంచెం కూర వేస్తోంది. చల్లారిన ఇంజను ముందు బస్సెడు జనం, ఆలస్యమవుతోందని తెలిసి కూడా, అతను చేయి కడుక్కునేదాకా తొందరపెట్టకుండా నిలబడ్డారు.